చల్లటి నీళ్ళ పరీక్ష

మా అక్క పోయిన రోజు మంగళవారం. ఆ సాయంత్రమే ఆమె పనిచేసిన వర్క్‌షాపు తలుపు మీద ఒక నోటీసు అంటించారు. పై సగంలో ఆమె మరణానికి సంతాపం, కింది సగంలో ఆ మరణం వల్ల ఏర్పడిన పాలనాపరమైన ఇబ్బంది. కాగితం పొదుపు మంచి అలవాటే కనుక ఎవరూ తప్పు పట్టలేదు.

ఆ వర్క్‌షాపులో ప్లాస్టిక్ షీటును వేడి చేసి, మెత్తబడగానే అచ్చు మీదికి దించి, కింది నుంచి గాలి లాగేస్తారు. షీటు అచ్చును కరుచుకుని పళ్ళెమో, మూతో, మందుసీసాల పెట్టెలోని అరో అవుతుంది. ఏ షీటైనా వేడికి లొంగేదే. వస్తువుగా మారాక మళ్ళీ ఎంత వేడికి లొంగిపోతుందన్నదే అసలు సంగతి. ఇరవై ఆరేళ్ళ పాటు ఆ సంగతి తేల్చింది మా అక్క. షీటు మూల వంచి, చప్పుడు విని, మరిగే నీళ్ళు పోసి చూసి, ఔననో కాదనో చెప్పేది. ఆమె కాదన్న షీటు అచ్చెక్కేది కాదు.

సరిగ్గా అప్పుడే నేను పనిచేసే బడికి అదే వర్క్‌షాపు నుంచి మూడు వందల సూపు పళ్ళేలు కావలసి వచ్చాయి. ఒక మనిషి రెండు వేళ్ళతో చేసిన పనికి ఇకపై ఏడుగురు సభ్యులు అవసరమని మా యాజమాన్యం నిర్ధారించింది. ఆ ఏడుగురిలో నేనొకణ్ణి. నేను లెక్కల మాస్టారిని. రక్తసంబంధం వల్ల ప్లాస్టిక్ జ్ఞానం కొంతైనా అంటి ఉంటుందని నియామక పత్రంలో రాశారు.

కమిటీ అధ్యక్షుల వారికి పెద్ద కర్టెన్ల షాపు ఉంది. వస్తువును దూరం నుంచి చూసి నిర్ణయించడం ఆయనకు చిన్ననాటి నుంచీ అలవాటు.

మొదటి సమావేశానికి ముందు రోజు మా మేనకోడలు ఇంటికి వచ్చింది. తల్లి స్థానంలో ఇప్పుడు ఆ యంత్రం దగ్గర నిలబడేది తనే. తన కూతురు మా బడిలోనే ఒకటో తరగతి.

"మావయ్యా, మీ కమిటీలో సూపు వేడిగా తాగేవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?"

"ఉండే ఉంటారమ్మా."

"ఉంటే ఆ మాట మీటింగులో చెప్పు. నీళ్ళ సీసాలకి వాడే ఆ మెరిసే షీటు మాత్రం వద్దు. వేడి తగిలితే కొత్త కోడలి కంటే ముందు వంగిపోతుంది. మా బుజ్జిది ఆ పళ్ళెం రెండు చేతుల్తో పట్టుకుని గది ఈ చివర్నించి ఆ చివరికి నడవాలి. గుర్తుందా?"

గుర్తుందన్నాను.

సమావేశంలో బల్ల మీద మూడు షీట్లు పెట్టారు. ఒకటి అద్దంలా మెరిసేది. రెండోది తెల్లనిది, ఐస్‌క్రీం కప్పులకు వాడేది. మూడోది పాలీప్రొపిలీన్. చూపుకు మసక, తాకితే కొవ్వొత్తిలా జారుడు, యంత్రం మీద మహా మొండిది. వేడి కాస్త తగ్గితే మాట వినదు, కాస్త పెరిగితే ఉయ్యాలలా సాగిపోతుంది. దాని మూల మీద పెన్సిలుతో "వేడికి ఇదే" అని రాసి ఉంది. అక్షరాలు మా అక్కవి.

అధ్యక్షుల వారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఇది సభ్యులను ప్రభావితం చేసే రాత. చెరిపేయాలి. రబ్బరు ఎవరి దగ్గరుంది?"

మాస్టారి జేబులో రబ్బరు లేకుండా ఎలా ఉంటుంది? ఇచ్చాను.

తర్వాత పరీక్షలు జరిగాయి. సంగీతం టీచరు ఒక్కో షీటునూ వేలితో మీటి, తెల్లదాని శ్రుతి బాగుందన్నారు. డ్రిల్లు మాస్టారు ఎక్కి నిలబడగానే అది పుటుక్కున విరిగింది. శ్రుతి మాత్రం బాగుందని మినిట్స్‌లో చేర్చారు. నీళ్ళ పరీక్ష వంతు వచ్చేసరికి వంటావిడ మరుగుతున్న కెటిల్ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. అధ్యక్షుల వారు చెయ్యి అడ్డం పెట్టి చిన్న ఉపన్యాసం ఇచ్చారు.

"మిత్రులారా, నాకు ప్లాస్టిక్‌లన్నీ సమానమే. వేడినీళ్ళు పోస్తే వేడిని తట్టుకునే షీటే గెలుస్తుంది. అది ముందే తీర్పు రాసుకుని కూర్చోవడం కాదా? నిష్పాక్షికత కోసం చల్లటి నీళ్ళు పోద్దాం."

చప్పట్లు మోగాయి. చల్లటి నీళ్ళలో మిగిలిన రెండు షీట్లూ ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణమయ్యాయి. ఇక తేడా మెరుపులోనే కనుక మెరిసేది ఎంపికైంది. నేను మాట్లాడటానికి చెయ్యి ఎత్తాను. అప్పుడే ఓట్లు లెక్కిస్తున్నారు. ఏకగ్రీవం అని ప్రకటించారు.

ఆ వారం మేనకోడలు మళ్ళీ వచ్చింది. కూర్చోలేదు.

"చెయ్యి ఎత్తావటగా మావయ్యా!"

"అడగడానికి ఎత్తానమ్మా."

"మరి దించాకైనా అడగలేకపోయావా?"

వర్క్‌షాపు యజమాని ఆర్డరు ప్రకారమే చేయమన్నాడు. తను మూడు వందలూ చేసింది. పైన ఒక్కటి మాత్రం ఆ మసక షీటుతో కూతురి కోసం చేసి సంచిలో పెట్టి పంపింది. సమానత్వానికి భంగమని గేటు దగ్గరే దాన్ని తీసేసుకున్నారు. ప్రస్తుతం అది ఆఫీసులో టీ కప్పుల కింద ఉంది. చక్కగా పనిచేస్తోందని అందరూ అంటారు.

ప్రారంభోత్సవం నాడు సూపు పొయ్యి మీంచి నేరుగా వచ్చింది. అధ్యక్షుల వారు జీవితంలో మొదటిసారి క్లుప్తంగా మాట్లాడారు. ఎప్పటిలా మాట్లాడి ఉంటే సూపు చల్లారేది, పళ్ళేల పరువూ దక్కేది. ఆరో అడుగుకు పళ్ళేల అంచులు వినయంగా వాలాయి. తొమ్మిదో అడుగుకు సూపు నేల మీద ఉంది. పెద్ద పిల్లలు ఎగిరి తప్పుకున్నారు. బుజ్జిది పళ్ళెం వదలకూడదని అమ్మ చెప్పిన మాట మీద నిలబడింది. దాని పాదం మీద బొత్తామంత బొబ్బ లేచింది. ఏడవలేదు. నా వైపు చూసింది.

విచారణ సంఘం వేశారు. పాత ఏడుగురమే. సూపుదే దోషమని మూడు రోజుల్లో తేలింది. పాత్రకు తగని వేడితో వ్యవహరించినందుకు వంటావిడకు మందలింపు లేఖ వెళ్ళింది. ఇకపై సూపు పూర్తిగా చల్లార్చి వడ్డించాలని తీర్మానించాం. నాలుకలు కాలడం తగ్గినందుకు తల్లిదండ్రులు సంతకాలు సేకరించి ధన్యవాదాలు పంపారు. రెండు వందల తొంభై ఎనిమిది సంతకాలు. అదే షీటుతో టీ గ్లాసులు కూడా చేయించమని అందులో చాలామంది కోరారు.

నిన్న మినిట్స్ పుస్తకం నా బల్ల మీదికి వచ్చింది. ఆరు సంతకాలు పడ్డాయి. ఏడో గడి పక్కన, అసమ్మతి ఉంటే కారణాలు రాయడానికి నాలుగు గీతలు కొట్టి ఉంచారు. చేతిలో పెన్ను ఉంది, కారణాలు కంఠతా వచ్చు. ఇంకా ఏమీ రాయలేదు.