తక్కెడలో కుళాయి నీళ్లు

సైన్సు వార్తల్లో రాజకీయం కలవడం మన అదృష్టం! ఈ మాట వినగానే కొందరు మొహం చిట్లిస్తారు. చిట్లించండి, నాకేం నష్టం లేదు. ఉత్త సైన్సును నమ్ముకుని సుఖపడినవాడు ఎవడైనా ఉన్నాడా? థర్మామీటరు నూటరెండు చూపిస్తే నూటరెండే. బతిమాలినా తగ్గదు, బెదిరించినా తగ్గదు. అదే వార్తలో కాస్త రాజకీయం పడిందనుకోండి, మీకు నచ్చిన పేపరు తెప్పించుకుని నచ్చినంత జ్వరం తెచ్చుకోవచ్చు. ఇంతకంటే స్వేచ్ఛ ఇంకేం కావాలి?

నోటికొచ్చింది వాగుతున్నానని అనుకోకండి. సైన్సు వార్తల్లో పక్షపాతం ఎంత, నిజం ఎంత అని తేల్చి నక్షత్రాలు వేసే కమిటీలో నేను సభ్యుణ్ణి. మొత్తం ముగ్గురం. ఒకాయన బీమా ఏజెంటు, ఇంకొకాయన పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు. నేను స్కూల్లో డ్రాయింగు మాస్టార్ని. ముగ్గురిలో ఎవరికీ సైన్సు రాదు. అందుకే మమ్మల్ని ఏరికోరి తీసుకున్నారు. వచ్చినవాడికి ముందే ఒక అభిప్రాయం ఏడ్చి ఉంటుంది కదా!

మా పద్ధతి చాలా సులువు. మేడమీద గదిలో ఒక బల్ల, మూడు కత్తెర్లు, ఒక చిన్న తక్కెడ. వార్తలో అవునన్న వాక్యాలు కత్తిరించి ఎడమ పళ్లెంలో వేస్తాం. కాదన్న వాక్యాలు కుడి పళ్లెంలో. ముల్లు నిటారుగా నిలబడితే ఐదు నక్షత్రాలు. ఎంత ఒరిగితే అంత కోత. ఇందులో ఒకరి మీద ప్రేమా లేదు, ఇంకొకరి మీద పగా లేదు.

ఈ తక్కెడ వచ్చాక పత్రికలు ఎంత బాగుపడ్డాయో చూడండి. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోందని ఒక పేపరు రాసింది. తక్కెడ దభీమని ఎడమకు పడింది. మర్నాడు వాళ్లు బుద్ధి తెచ్చుకుని ఒక నాయకుడి ఇంటర్వ్యూ వేశారు. తాను పుట్టి బుద్ధెరిగాక కాళ్ల కింద నేల కదలడం ఎన్నడూ చూడలేదని ఆయన చెప్పాడు. ముల్లు నిలబడింది!

నీళ్లు వంద డిగ్రీల దగ్గర మరుగుతాయని అధికార పక్షం పేపరు, అసలు మరగనే మరగవని ప్రతిపక్షం పేపరు కొట్టుకుంటుంటే, మూడో పేపరు పెద్దమనిషి తరహాలో యాభై దగ్గర రాజీ చేసింది. ఐదు నక్షత్రాలు! ఆ వారమంతా మా ఆవిడ యాభై దగ్గరే దించేసిన టీ ఇచ్చింది. పచ్చి వాసన. అయినా సిద్ధాంతం కోసం తాగాను.

అన్నిట్లోకీ నిఖార్సైనవి మాత్రం రాశిఫలాలే. ఆరు రాశులకు మంచి, ఆరు రాశులకు చెడు. ముల్లు వెంట్రుకవాసి కదలదు. సైన్సు రిపోర్టర్లను కొన్నాళ్లు అక్కడ ట్రైనింగుకు పంపాలని మేం సిఫారసు కూడా చేశాం.

ఇక మా చెల్లెలి సంగతి. అది ఒక పేపర్లో సైన్సు రిపోర్టరు. మా ఇంట్లోనే పైవాటాలో ఉంటుంది. వీధిలో పిల్లలకు తరచూ కడుపునొప్పులు వస్తున్నాయని, పన్నెండు ఇళ్ల కుళాయి నీళ్లు బాటిళ్లలో పట్టి, రెండు ల్యాబుల్లో విడివిడిగా పరీక్ష చేయించింది. రెండూ ఒకే మాట చెప్పాయి. నీళ్లలో సీసం ఉంది, పాత గొట్టాల్లోంచి వస్తోంది, పిల్లలకు చుక్క కూడా పట్టొద్దు. చెల్లెలు అదే రాసింది. ఒక్క విశేషణం లేదు, ఒక్క పార్టీ పేరు లేదు.

కత్తిరించి తూచాం. కుడి పళ్లెంలో వేయడానికి ఒక్క ముక్క దొరికితే ఒట్టు! సీసం తరఫున మాట్లాడేవాళ్లను అది అడగనే లేదు. పైగా ఆ గొట్టాలు వేసింది పాత ప్రభుత్వం, మార్చనిది కొత్త ప్రభుత్వం. ఒక పక్షాన్ని నొప్పించే వార్తలు చూశాం గానీ, రెండు పక్షాలనూ ఒకేసారి నొప్పించిన వార్తను అప్పుడే చూడటం. ఇంతకంటే పక్షపాతం ఉంటుందా? ఒక్క నక్షత్రం పడేశాం. సొంత చెల్లెలని నేనేమైనా వెనకాడానా? మొదటి సంతకం నాదే.

అదే రోజు ఇంకో పేపరు నీళ్లు సగం మంచివి, సగం చెడ్డవి అని రాసి ఐదు నక్షత్రాలు కొట్టేసింది. అది చదివిన ఎదురింటి తాతగారు అప్పట్నుంచి గ్లాసులో పై సగం తాగి, కింది సగం పారబోస్తున్నారు. సీసం బరువు కాబట్టి అడుగున ఉంటుందని ఆయన లెక్క.

మా నక్షత్రం చూసి ఎడిటరు చెల్లెల్ని రాశిఫలాలకు మార్చేశాడు. మా సిఫారసు ఇంత త్వరగా అమలవుతుందని నేనూ అనుకోలేదు.

ఆ సాయంత్రం అది మా వంటింట్లోకి వచ్చింది. కేకలేస్తుందనుకున్నాను. వేయలేదు. కుళాయి తిప్పి, గ్లాసు నింపి, నా ముందు పెట్టింది.

"అన్నయ్యా, ఇవి తాగి, ఏ పార్టీవో చెప్పు."

నేను చిరునవ్వు నవ్వాను. దేనికైనా రెండో పక్షం వాదన కూడా వినాలని, తొందరపాటు పనికిరాదని మొదలుపెట్టాను. ఇంతలో ఆడుకుంటున్న నా ఐదేళ్ల కూతురు దాహం దాహం అంటూ పరుగెత్తుకొచ్చి ఆ గ్లాసు అందుకుంది.

గ్లాసు వెళ్లి గోడకు కొట్టుకుంది. విసిరికొట్టింది నేనే. ఎప్పుడు లేచానో నాకే తెలియదు. పిల్ల బిత్తరపోయి ఏడుపు లంకించుకుంది. కత్తెర లేదు, తక్కెడ లేదు, సీసం తరఫువాళ్లను పిలిపించిందీ లేదు.

చెల్లెలు పిల్లను ఎత్తుకుని, తడిసిన గౌను తుడిచింది.

"అయితే నా వార్త నమ్మావన్నమాట" అంది.

నమ్మకం వేరు, నక్షత్రం వేరు!

మర్నాడు ఒక నీళ్ల క్యాను భుజాన వేసుకుని కమిటీ గదికి వెళ్లాను. మూల అప్పటికే రెండు క్యాన్లు ఉన్నాయి. ఒకటి బీమా ఆయనది, ఒకటి వీడియో ఆయనది. వార్త వచ్చిన రోజు నుంచీ తెచ్చుకుంటున్నారట. నేను చూడనే లేదు. ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకోకుండా కత్తెర్లు తీశాం.

చెల్లెలి నక్షత్రం మాత్రం అలాగే ఉంది. ఎదురింటి తాతగారు కూడా అలాగే ఉన్నారు. నిన్న అరుగు మీద మనవణ్ణి కూర్చోబెట్టుకుని, గ్లాసులో పై సగం వాడికి జాగ్రత్తగా తాగిస్తున్నారు. మా నక్షత్రాలంటే ఆయనకు అంత గురి.