సాలు తప్పిన స్క్రమ్

బ్రాడీపేటలో బస్టాండుకి ఆటో ఎక్కుతూనే లిడియా ఒట్టు పెట్టుకుంది, ఇవాళ వంకర బంతి ఒక్కటి కూడా వదలకూడదని. పీఈటీ ఉద్యోగం చేసుకుంటూ రగ్బీ రిఫరీ పరీక్షకి రెండుసార్లు వెళ్లింది, రెండుసార్లూ పోయింది. పరీక్షకుడు చూస్తుండగా పిల్లల మ్యాచ్ ఒకటి నడిపించడమే ఆ పరీక్ష. స్క్రమ్‌లో ముగ్గురేసి పిల్లలు భుజాలు కలిపి నెట్టుకుంటుంటే, మధ్య సందులోకి బంతి తిన్నగా వేయాలి. తమవైపు వాలుగా వేస్తే అవతలి జట్టుకి ఫ్రీ కిక్. రూలు పుస్తకంలో ఉంది గానీ దానికి విజిలూదిన నాథుడు లేడు. తనూ ఊదలేదు, అందుకే తప్పింది. ఈసారీ తప్పితే మళ్లీ పరీక్ష లేదు.

దర్శి మైదానంలో షామియానా కింద టోపీ పెట్టుకున్న పెద్దాయన కనిపించాడు. తనెప్పుడూ చూడని పరీక్షకుడు త్రినాథ్ గారు ఈయనే అనుకుంది.

దర్శి పిల్ల అఖిల మొదటి బంతి వేసింది. లిడియా ఊరుకుంది. టోపీ ఆయన తల అడ్డంగా ఊపాడు. అయ్యో, వంకరే కాబోలు! రెండో బంతికి విజిల్ ఊదింది. ఆయన మళ్లీ ఊపాడు. ఇంకా గట్టిగా ఉండాలేమో! ఇక ఎవరు వేసినా విజిలే. పదకొండు విజిళ్లయినా బంతి పది గజాలు కదల్లేదు.

"ఏమ్మా, ఆటాడనిస్తావా, ఈలపాటే వినిపిస్తావా?" జనం గోల.

"తిన్నగానే వేశానండీ!" అఖిల ఏడుపు.

హాఫ్‌టైమ్ కాగానే అఖిల తాత యలమందయ్య, మిరపనారు సాలు తప్పకుండా వరసగా నాటే తాడు పట్టుకుని మైదానంలోకి వచ్చేశాడు. "తాడు అబద్ధం చెప్పదు!" అని, పిల్లల్ని మళ్లీ స్క్రమ్‌గా నిలబెట్టి మధ్య సందు వెంట నేలమీద బిగించి కట్టాడు. అఖిల బంతి వేసింది. అది తాడు పక్కనే బుద్ధిగా దొర్లింది. ఆ సరికే లిడియా అలవాటు కొద్దీ విజిల్ ఊదేసింది. జనం పగలబడి నవ్వారు.

"సాలు చూడాలంటే సాలు మొదట్లో నిలబడాలమ్మా. పక్కన నిలబడితే అన్నీ వంకరే," అన్నాడు యలమందయ్య మెల్లగా.

లిడియా కళ్లనీళ్లతో టోపీ ఆయన దగ్గరికి పరిగెత్తింది. "సార్, పొరపాటైపోయింది, క్షమించండి!"

"నాకెందుకమ్మా క్షమాపణ? నేను షామియానా అలీ సాహెబ్‌ని. మావాళ్లు గుంజ వంకరగా పాతి చచ్చారు, అది చూసే తల అడ్డంగా ఊపుతున్నా."

అప్పుడే గేటు దగ్గర కారు దిగారు అసలు త్రినాథ్ గారు. "టైరు పంచరైందమ్మా. మొదటి సగం చూళ్లేకపోయాను, ఏమీ అనుకోకు."

అనుకోవడమా! లిడియాకి పోయిన ప్రాణం లేచొచ్చింది. రెండో సగంలో సాలు మొదట్లో నిలబడింది. నిజంగా వంకరపోయిన బంతులకి రెండే రెండు విజిళ్లు ఊదింది. త్రినాథ్ గారు అక్కడే "పాస్" అని రాసి సంతకం పెట్టారు.

గుంజ మాత్రం ఇంకా వంకరగానే ఉంది. దానికి ఫ్రీ కిక్ ఎవరికివ్వాలో రూలు పుస్తకంలో లేదు.