మల్లెకొమ్మల పొగ

ఆ రోజు పొద్దున కొండల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగడం, పెరట్లోకి పోయి మల్లెకొమ్మలకు వేర్లు వచ్చాయో లేదో చూడడం, ఆ తర్వాత గని స్టోర్సులో డ్యూటీకి పోవడం. మొదటిదీ చివరిదీ ఎవరైనా చేసే పనులే. కొంప ముంచింది మధ్యది.

ఆ కొమ్మలు మామూలువి కావు. లింగాల ఘనపూర్‌లో అతని భార్య అరుంధతి పుట్టింటి గోడ పక్కన వాళ్ల అవ్వ పెట్టిన బొండుమల్లె చెట్టు ఉండేది. అవ్వ పోయి ఏడాది తిరగకముందే రోడ్డు వెడల్పు పనులు వచ్చాయి. జేసీబీ గోడతోపాటు చెట్టునూ పెకిలించింది. అరుంధతి ఏడుస్తూనే చేతికందిన కొమ్మలు కత్తిరించి, తడి తువ్వాలలో చుట్టి, భూపాలపల్లి దాకా బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. రాగానే ఒక కుండలో గుచ్చబోతే కొండల్ అడ్డం పడ్డాడు.

"గీ ఎండలకు కుండల గుచ్చితె మాడిపోతయే. నేను సైన్సు ప్రకారం జేస్త. తుంపర గొడుతుంటె వేర్లు ఉరికొస్తయ్."

"ఒక్కటన్న బత్కాలె," అంది అరుంధతి. "అవ్వ చెట్టు మళ్ల యాడ దొరకది." తువ్వాల విప్పి, మొత్తం అతని చేతిలో పెట్టింది. ఆ పెట్టడంలో నమ్మకం ఎంత ఉందో, భయమూ అంతే ఉంది.

కొండల్‌కు పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటే, ఏ మూత కింద ఏం జరుగుతుందో చూడాలనే కుతూహలం. అన్నం ఎట్లా ఉడుకుతుందో చూడాలని కుక్కర్ మూత మాటిమాటికి తీసి పలుకన్నం తిన్న మనిషి. అటువంటివాడికి తుంపర యంత్రం దొరికితే ఇక పండగే. ఫోన్లో వీడియోలు చూసి, పాత కూలర్ తొట్టిలో కొబ్బరిపొట్టు నింపి కొమ్మలు గుచ్చాడు. పొలాల్లో మందు కొట్టే చార్జింగ్ పంపు బావమరిది దగ్గర అడిగి తెచ్చాడు. దానికి నాజిళ్లు, షాపు బోర్డు లైట్లకు వాడే టైమరు బిగించాడు. పైన ప్లాస్టిక్ కవరు కప్పాడు. కాసేపటికోసారి బుస్సుమని తెల్లటి తుంపర లేచేది, ఆగేది, మళ్లీ లేచేది. ఆ చోద్యం చూస్తూ అతను తిండి మరిచిపోయేవాడు.

చూసి ఊరుకుంటే బాగానే ఉండేది. రోజూ పొద్దున ఒక్కో కొమ్మనూ పీకి, అడుగున టార్చి వేసి చూసి, మళ్లీ గుచ్చేవాడు.

"పసిపిల్లను గడియకోపారి లేపి, నిద్ర వట్టిందా అని అడిగినట్టున్నది నీ యవ్వారం," అనేది అరుంధతి.

"చూడకపోతె ఎట్ల తెలుస్తదే?" అనేవాడు కొండల్.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. నీళ్లు. ఎండాకాలం కావడంతో కాలనీలో వంతుల వారీగా నీళ్లు వదులుతున్నారు. ఉమ్మడి ట్యాంకు కొండల్ క్వార్టర్ వెనకాలే ఉంది. దాని మీద ఎర్రరంగుతో పెద్దగా రాసి ఉంటుంది: 'చెట్లకు నీళ్లు పోయరాదు. పోసినచో నల్లా బంద్. కమిటీ.' ఆ రాత కొండల్‌దే. అతనే కమిటీ కార్యదర్శి. ఆ రాత కిందనే, ట్యాంకు గొట్టం మలుపు దగ్గర, సన్నటి పైపు ఒకటి గుట్టుగా దిగి అతని పెరట్లోకి పోయింది. అరుంధతికి కూడా ఈ సంగతి తెలియదు. ఎవరి కంటా పడకుండా తొట్టి చుట్టూ గోనెసంచులు నిలబెట్టాడు.

ఆ పొద్దున అరుంధతి ఇంట్లో లేదు. తమ్ముడి కూతురు దీక్షిత చీరకట్టు ఫంక్షన్‌కు ముందు రోజే పుట్టింటికి పోయింది. కొండల్ కొమ్మలన్నీ పీకి చూశాడు. ఒక్కదానికీ వేరు లేదు. తుంపర చాలడం లేదని నిర్ధారించుకుని, కవరు తీసేసి, కొత్త నాజిళ్లు బిగించి, మీట నొక్కాడు. తెల్లటి మబ్బు గోనెసంచుల వెనక నుంచి లేచి, గోడ దాటి, పక్క క్వార్టర్ కిటికీ దాకా పోయింది.

పక్క క్వార్టర్ మాన్‌సింగ్‌ది. గనిలో కార్మికుల పని, భద్రత చూసే సర్దారుగా చేసి రిటైరై, కొడుకు గణపతి దగ్గర ఉంటున్నాడు. కాలనీ కమిటీకి అధ్యక్షుడు. వేపపుల్ల నములుతూ గోడ దగ్గరికి వచ్చాడు.

"ఓ కొండలూ! నీ పెరట్ల గా తెల్లగ ఏందిరా?"

నిజం కొండల్ నాలుక చివరే ఉంది. ఉత్త నీళ్లన్నా, అంటే అయిపోయేది. కానీ సరిగ్గా అప్పుడే మాన్‌సింగ్ భుజం మీదుగా ట్యాంకూ, దాని మీద తన చేతిరాతా కనపడ్డాయి. కింద ఖాళీ బిందెలతో ఆడవాళ్లు వరుసలో నిలబడి ఉన్నారు.

"ఏమోనన్నా. పొగ లెక్కనే ఉన్నది," అన్నాడు.

"దేని పొగ? పొయ్యి అంటుబెట్టినవా?"

"లేదన్నా. అదే… కిందికెల్లి వస్తున్నది."

మాన్‌సింగ్ నోట్లోంచి వేపపుల్ల జారిపడింది. బొగ్గు మీద బతికే ఊరిలో నేల కింద నుంచి పొగ వస్తుందంటే దానికి ఒకటే అర్థం. రిటైరైన నాటి నుంచి పేపర్ చదవడం తప్ప పనిలేని ఆ ముఖం ఒక్కసారిగా వెలిగింది. తుంపర ఆగింది. కాసేపటికి మళ్లీ లేచింది.

"చూసినవా, ఆగి ఆగి వస్తున్నది! లోపల బొగ్గు అంటుకున్నది తమ్మీ! ఊపిరి దీస్తున్నది!"

కొండల్ కంగారుగా వెనక్కి పోయి మీట కట్టేశాడు. ఇక పొగ ఉండదు, గొడవా ఉండదు అనుకున్నాడు. మాన్‌సింగ్ ఇంకా భయపడ్డాడు.

"ఆగిపోయింది! అంటే గాలిని లోపలికి గుంజుకుంటున్నది. గిదింకా డేంజర్! ఎవ్వరు దగ్గరికి పోవద్దు! గణపతీ, ఇసుక!"

మంట అంటుకున్న బొగ్గుకు గాలి తగలకూడదు, మూసేయాలి. ఈ సంగతి ఆ కాలనీలో పిల్లలకు కూడా తెలుసు. గణపతి కొత్తగా కట్టుకుంటున్న ఇంటికని తెచ్చిన ఇసుక పక్క ఖాళీ జాగాలో ఉంది. నైట్ షిఫ్ట్ దిగి అప్పుడే పడుకున్నవాళ్లంతా లుంగీలతోనే ఉరికొచ్చారు. చేయి మార్చి చేయి తట్టలు నడిచాయి. ఇంకోవైపు గ్యాస్ బండలు, టీవీలు, మంచాలు బయటికి వచ్చాయి. ఇంత పద్ధతిగా జరుగుతున్న పనిని చూస్తూ, ఏమీ లేనిచోట ఇది జరుగుతోందని తెలిసినవాడు కొండల్ ఒక్కడే.

"అన్నా, జర ఆగుర్రి," అన్నాడు. "అండ్ల మల్లెకొమ్మలున్నయ్."

"పానాలు పోతుంటె పూల ముచ్చటేంది తమ్మీ!" అని మాన్‌సింగ్ కసిరాడు. "పొయ్యుర్రి!"

నిజం చెప్పడానికి అదే ఆఖరి అవకాశం. కొండల్ నోరు తెరిచాడు. బిందెల వరుసలో నిలబడ్డ ఆడవాళ్లు అతని వైపే చూస్తున్నారు. నోరు మూశాడు. దూరం నుంచి విసిరిన మొదటి తట్ట ఇసుక గోనెసంచుల మధ్యన పడింది. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన ఆ తడి తువ్వాల అతనికి గుర్తొచ్చింది. దుఃఖం ముంచుకొచ్చింది. 

ఈలోగా మాన్‌సింగ్ భార్య తుల్సీబాయి మహబూబాబాద్ పక్క తండాలో ఉన్న చెల్లెలు భాగ్యకు ఫోన్ చేసి, పక్కింట్లో పొగ వస్తోందని చెప్పింది. భాగ్య నోట అది మంటైంది. జనగామ చేరేసరికి క్వార్టర్ కుంగింది. లింగాల ఘనపూర్‌లో చీరకట్టు ఫంక్షన్ భోజనాల వరుస దగ్గరికి వచ్చేసరికి కాలనీ కాలనీయే భూమిలోకి దిగిపోయింది. అరుంధతి విస్తరి ముందు నుంచి లేచి బస్సెక్కింది. దారి పొడుగునా ఫోన్ చేస్తూనే ఉంది. ఆమె మొగుని ఫోను, బయటికి మోసిన మంచం మీద, పరుపు మడతలో మోగుతూనే ఉంది.

సాయంత్రం ఆటో దిగి ఉరికొచ్చి, కొండల్‌ను చూసి రెండు చేతులతో అతని భుజాలు పట్టుకుంది. "నీకేం గాలేదు గద? ఫోనెందుకు ఎత్తలేదు?" అని బోరుమని ఏడ్చింది. అతనికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. తర్వాత ఆమె చూపు పెరట్లో ఇసుక గుట్ట మీద పడింది. "మల్లె?" అంది. కొండల్ వేలితో గుట్టను చూపించాడు.

ఇంట్లోకి తీసుకుపోయి, తలుపు వేసి, పైపు సంగతితో సహా అంతా చెప్పాడు. అరుంధతి కొంగుతో ముఖం తుడుచుకుని, వేసిన తలుపు మళ్లీ తీసింది.

"పొయ్యి నిజం చెప్పు. ఇసుక దీపియ్యి."

"చెప్తె పరువు పోతదే. కార్యదర్శిని."

"గట్లనా? అయితె గా పరువునే దీస్కపోయి కుండల గుచ్చుకో. దానికన్న వేర్లొస్తయేమో," అంది. ఆ తర్వాత అతనితో మాట్లాడడం మానేసింది.

మరుసటి రోజు గని నుంచి మేఘన అనే సేఫ్టీ ఇంజినీరు విషవాయువులు కొలిచే మీటరు పట్టుకుని వచ్చింది. గుట్ట చుట్టూ తిరిగి చూసింది. మీటర్లో ఏమీ కనపడలేదు. "చూసిన్రా, ఇసుక పనిచేసింది!" అని మాన్‌సింగ్ మీసం దువ్వాడు. కొన్నాళ్లు గుట్టను కదిలించొద్దని, మళ్లీ వచ్చి చూస్తానని చెప్పి ఆమె వెళ్లింది. అదే చాలు కమిటీకి. గుట్ట చుట్టూ ఎర్ర రిబ్బన్ కట్టారు. 'ప్రమాదం. దగ్గరికి రాకూడదు' అని బోర్డు పాతారు. ఇసుక ఎండితే పగుళ్లు వచ్చి గాలి దూరుతుంది కనుక, పొద్దునా సాయంత్రమూ ట్యాంకు నీళ్లతో తడపాలని తీర్మానం చేశారు. కార్యదర్శి హోదాలో ఆ తీర్మానం చదివి వినిపించింది కొండలే.

ఇక అతని బాధ చెప్పతరం కాదు. కింద కొమ్మలు చచ్చాయా, బతికాయా? కుళ్లాయా, ఎండాయా? చూద్దామంటే రిబ్బన్ పక్కన కుర్చీ వేసుకుని మాన్‌సింగ్. ఒక మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తున్నాడని పార పట్టుకుని మెల్లగా పోతే తుల్సీబాయి చూసింది. "చూడుర్రి, పానాలకు తెగించి మల్ల ఇసుక పోస్తున్నడు!" అని అందరినీ పిలిచి మెచ్చుకుంది. మెచ్చుకోళ్ల మధ్యలో అతను నిజంగానే నాలుగు పారలు ఇసుక పోయాల్సి వచ్చింది. కిటికీ వెనక నిలబడ్డ అరుంధతి ఆ వైభవమంతా చూసి తలుపు దబాలున వేసింది.

తొలకరి పడ్డ వారానికి, ఒక పొద్దున తుల్సీబాయి కేక పెట్టింది. "అరుంధతీ! ఓ చెల్లే! ఇసుకలకెల్లి పచ్చగ ఏందో పొడుసుకొచ్చింది!"

కాలనీ అంతా చేరింది. మేఘనకు కబురు పోయింది. ఆమె వచ్చి, మీటరు పెట్టి చూసి, ఇక ఇసుక తీయవచ్చని చెప్పింది. ఆ మాట పూర్తికాకముందే అరుంధతి మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో ఇసుక తోయడం మొదలుపెట్టింది. ఒక చిగురు, దాని పక్కన ఇంకొకటి, అవతల మరొకటి. ఒక కొమ్మను కొబ్బరిపొట్టుతో సహా పైకి ఎత్తింది. అడుగున తెల్లటి వేర్లు కుచ్చులా వేలాడుతున్నాయి. "అవ్వా!" అంది, అంతే.

ఇన్ని రోజులు ఆపుకున్న కుతూహలం కొండల్‌లో కట్ట తెగింది. జనాన్ని తోసుకుని ముందుకు ఉరికాడు.

"ఏదే, ఇటు చూపియ్యి! అబ్బ, ఏం వేర్లే! తుంపర బందైనంకనే వచ్చినయ్ సూడు! అంటె నీళ్లు ఎక్కువైనయన్నట్టు. ట్యాంకు పైపు వెట్టకుంటె ఎప్పుడో వచ్చుండేటియి!"



"ట్యాంకు పైపా?" అన్నాడు మాన్‌సింగ్.

గణపతి ఇసుకలో చెయ్యి పెట్టి గుంజితే నాజిళ్లు, వాటి వెంట పైపు, పైపు వెంట గోడ దాకా, గోడ వెంట ట్యాంకు దాకా అన్నీ బయటపడ్డాయి. ఎర్రరంగు అక్షరాల కిందకు వచ్చి అందరూ ఆగారు. కొండల్ తల దించుకుని, తుంపర సంగతి, పొగ సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. "తప్పయింది. నల్లా బంద్ జేయుర్రి," అన్నాడు.

ముందు నవ్వింది తుల్సీబాయి. "ఈయన దొంగతనంగ వాడింది బిందెడు. మనం కమిటీ పేరు మీద గీ ఇసుకల పోసింది చెరువెడు. ఎవరి నల్లా బంద్ జేద్దాం?" ఆ నవ్వు గోడ గోడకూ పాకింది. మాన్‌సింగ్ ఒక్కడే నవ్వలేదు.

"ఏదేమైనా, మంటైతె ఆరింది," అన్నాడు గంభీరంగా.

"మంటే లేకుండె గద బాపూ!" అన్నాడు గణపతి.

"ఆరినంక ఎట్లుంటదిరా?"

 మేఘన మీటరు సంచిలో పెట్టుకుని, పోతూపోతూ తనకూ ఒక కొమ్మ కావాలని అడిగింది. దాంతో అందరూ అడిగారు. అన్ని రోజుల తర్వాత అరుంధతి మొగుని ముఖం చూసి మాట్లాడింది.

"వీటికి కావల్సింది సైన్సు గాదు, తుంపర గాదు. నువ్వు పీకి చూడకపోవుడు."

కమిటీ అక్కడికక్కడే కూర్చుంది. ప్రతి వానాకాలం అరుంధతి అవ్వ మల్లెను ఇసుకలో గుచ్చి, ఇంటింటికీ ఒక మొక్క ఇవ్వాలని నిర్ణయించింది. రిబ్బన్ తీసేశారు, పైపు తీసేశారు. 'ప్రమాదం. దగ్గరికి రాకూడదు' అన్న బోర్డు మాత్రం ఆ ఇసుక పక్కన ఇప్పటికీ ఉంది, కొండల్ ఒక్కడి కోసం.