పన్నెండవ పత్రం

1956లో ఒక శుక్రవారం ఉదయం చింతామణిలోని ఆ ఇంటి వరండాలో హాజరైనవారు, వచ్చిన క్రమంలో: తాలూకా కచేరీ విశ్రాంత శిరస్తేదారు రామచంద్రప్పగారు, ఆయన ధర్మపత్ని యశోదమ్మ, బెంగళూరు ప్రదర్శనశాల తరఫున మునికృష్ణప్ప. భజన పెద్ద బయ్యప్ప తెల్లవారకముందే వచ్చి, పూజగూటిలో భద్రపరచిన భజన పుస్తకం తీసుకొని కైవారానికి వెళ్లిపోయినాడు గనుక లెక్కలోకి రాడు.

రామచంద్రప్పగారి వద్ద స్వరసహితంగా అచ్చయిన పాత నాటకపాటల పత్రాలు పదకొండు ఉన్నాయి. పన్నెండూ ఉంటేనే ప్రదర్శనకు స్వీకరిస్తామని షరతు. పన్నెండవదానిని యశోదమ్మ పొయ్యిలో వేసిందని ఎనిమిదేళ్లుగా ఆయన అభియోగం. అయినా, పదకొండింటిని కళ్లారా చూస్తే మునికృష్ణప్ప మెత్తబడతాడని ఆయన ఆశ.

ఎర్రగుడ్డ మూట విప్పారు. లోపల భజన పుస్తకం!

"నా పత్రాలు యాడ?"

"పుస్తకమంటే సరస్వతి, అన్నీ ఎర్రగుడ్డలోనే కట్టల్లని మీరే కదా చెప్పింది? రెండు మూటలకీ కుంకుమ పెట్టినాను. కుంకుమ పెట్టిన మూటను బయ్యప్ప విప్పి చూస్తాడా?"

వెంటనే జట్కా కట్టించి మునికృష్ణప్పనూ ఎక్కించుకున్నారు. భజన పుస్తకాన్ని ఒడిలో పెట్టుకొని యశోదమ్మ కూడా ఎక్కింది.

కైవారంలో భజన ఉచ్చస్థాయిలో ఉంది. హార్మోనియం ముందు పత్రాలు పరచుకొని, నాటకంలోని నాయిక విరహగీతాన్ని ముప్పై మంది భక్తులు తాళాలతో ఆలపిస్తున్నారు. మునివెంకటమ్మ అనే వృద్ధురాలు కన్నీరు తుడుచుకుంటోంది.

"ఆపండి! అది నాటకం పాట!" అని రామచంద్రప్పగారు గర్జించారు.

బయ్యప్ప నొచ్చుకున్నాడు. "మూటలో యేముంటే అదే పాడల్ల, మా పద్ధతి అదప్పా. ఇంత బాగా యెప్పుడూ కుదర్లేదు. ఇంగొక తూరి పాడమంటాండారు!"

రామచంద్రప్పగారు పత్రాలు ఏరుకుంటూ ఉండగా యశోదమ్మ నింపాదిగా అంది: "జట్కా కుదుపుకు భజన పుస్తకం అట్ట ఊడింది. లోపలి పక్క స్వరాలుండాయి, చూడండి."

మునికృష్ణప్ప ఆ అట్టకాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. పన్నెండవ పత్రమే!

"బయట 'భజన పుస్తకం' అని రాసిందెవురో?" అని ఆమె అడిగింది.

అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. కింద ఎనిమిదేళ్లనాటి తేదీ, రామచంద్రప్పగారి పూర్తి సంతకం.

"అట్ట లేకుంటే మా పుస్తకం గతేమప్పా?" అన్నాడు బయ్యప్ప.

మరుసటి నెల ప్రదర్శనలో పన్నెండు పత్రాల కింద ఒక చీటీ కనబడింది: "పన్నెండవ పత్రమును వెలికితీసిన శ్రీమతి యశోదమ్మకు కృతజ్ఞతలు. ఆమెపై ఎనిమిదేళ్లుగా మోపిన నేరము ఇందుమూలముగా ఉపసంహరింపబడినది."

భజన పుస్తకానికి రామచంద్రప్పగారే కొత్త అట్ట వేశారు. కాగితం మాత్రం యశోదమ్మ ఎంచి ఇచ్చింది.