తోక లేని బాతు

ఆ పొద్దున లుత్ఫా పెట్టుకున్న పని ఒక్కటే, ఎండ ముదరకముందే మిరపకాయలు ఆరబోయడం. సగం పరిచేసరికి ఫోను మోగింది. బ్రహ్మపుత్ర లంకల్లో సాయం చేసే సంస్థ తరఫున ఊళ్లు తిరిగే మొఖ్లెస్ అది. ఆడవాళ్లందరినీ ఆపా, అంటే అక్కా, అనే పిలుస్తాడు.

"లుత్ఫా ఆపా, ఢాకా నుంచి షిరీన్ ఆపా వస్తున్నారు. మా ఆఫీసులో పెద్దావిడ. పదింటికల్లా మీ రేవులో ఉంటాం. బాతుల్ని చూస్తారట."

"ఏ బాతుల్ని?"

"మేమిచ్చినవే! ఇంటికి ఐదు చొప్పున పదహారిళ్లకి. బావున్నాయిగా?"

"నిక్షేపంలా ఉన్నాయి భాయ్," అంది లుత్ఫా. ఊళ్లో ఒక్కటీ లేదు.

వరదొస్తే కోళ్లు మునుగుతాయి, బాతులైతే తేలతాయి అని ఢాకాలో ఎవరికో తోచింది. ఆలోచన బంగారం లాంటిది. అయితే రెండేళ్లదాకా బాతుల్ని అమ్మకూడదు, కోయకూడదు అని కాగితం మీద అందరి చేతా వేలిముద్రలు వేయించుకున్నారు. మాట నిలబెట్టుకుంటే రెండో విడతలో మట్టి పోయించి, ఇళ్ల కింద నేలను మనిషెత్తు లేపుతామన్నారు. లుత్ఫాకు కావలసింది ఆ మట్టి. పోయిన శ్రావణంలో మంచం మీద మంచం వేసి, ఇద్దరు పిల్లల్నీ తాడుతో నడుముకు కట్టుకుని, ఇరవై రెండు రోజులు నీళ్ల మధ్య కూర్చున్న మనిషి ఆమె. ఇంకోసారి కూర్చునే శక్తి ఆమెకు లేదు.

మిరపకాయలను గాలికొదిలేసి, తోడికోడలు కోహినూర్‌ను వెంటబెట్టుకుని నదీపాయ దాటింది. అవతలి ఒడ్డున జైనాల్ ముసలాయన్ని బతిమాలి ఐదు బాతులు అరువు తెచ్చింది. అందులో ఒకదానికి తోక లేదు. ఏరుకునే తీరిక ఎక్కడిది? ఇళ్లన్నీ ఒకే వరస. అతిథి వీధిలోంచి నడిస్తే, బాతులు బుట్టలో పెరటిలోంచి నడుస్తాయి. అదీ ఏర్పాటు.

మొదటి ఇల్లు లుత్ఫాదే. షిరీన్ బాతుల్ని చూసి మురిసిపోయింది. "పాపం, దీనికి తోక లేదేం?"

"కుక్క పీకేసిందాపా."

రెండో ఇల్లు మైనా వాళ్లమ్మది. "దీనికీ లేదే!" అంది షిరీన్.

"పుట్టుకే అంతాపా," అంది మైనా వాళ్లమ్మ. మొదటింట్లో ఏం చెప్పారో ఆవిడకేం తెలుసు?

మూడోది కోహినూర్ ఇల్లు. పెరటిదారిన పరుగెత్తుకొచ్చిన ఆయాసం ఇంకా తీరలేదు. షిరీన్ ఈసారి అడగలేదు, వేలుపెట్టి చూపించింది.

"నిన్నటిదాకా ఉండేదాపా. పొద్దున లేచి చూస్తే ఊడిపోయింది!"

షిరీన్ ముఖం పాలిపోయింది. "మొఖ్లెస్, ఇదేదో తెగులు. ఇంటింటికీ పాకుతోంది. పశువుల డాక్టరుకి ఫోన్ చెయ్యి. బాతులన్నీ ఒక్కచోటికి తెప్పించు. ఎనభైకి ఎనభై నా కళ్లముందు ఉండాలి!"

లుత్ఫా ఐదింటిని పదహారిళ్లలో తిప్పగలదు గానీ, ఎనభై చేయడం ఎవరి తరం? "మేతకెళ్లాయాపా... టీ తాగుదురు గాని..." అంటూ ఏదో గొణిగింది. సరిగ్గా అప్పుడే పాయ అవతల జైనాల్ భార్య మేతగిన్నె పట్టుకుని ఒడ్డుకొచ్చి తన బాతుల్ని పిలిచింది.

"తొయ్, తొయ్, తొయ్, తొయ్!"

ఐదు బాతులూ తలలెత్తాయి. షిరీన్ కాళ్ల పక్కనుంచే బారుగా నడిచి, నీళ్లలోకి దిగి, అవతలి ఒడ్డుకు ఈదుకుంటూ పోయాయి. తోక లేనిది అందరికన్నా ముందుంది. మొఖ్లెస్ ఖాళీ బుట్ట మీద కూలబడ్డాడు.

"మరి మేమిచ్చినవేవి?" షిరీన్ మెల్లగా అడిగింది.

"తినేశాం ఆపా," అంది లుత్ఫా. ఇక దాచేదేముంది? "పన్నెండో రోజుకి బియ్యం అయిపోయాయి. మీ బియ్యం పడవ ఇరవై మూడో రోజున వచ్చింది. మొదట గుడ్లు తిన్నాం, తర్వాత బాతుల్ని కోసుకున్నాం. పిల్లలకి విరేచనాలు పట్టుకుంటే, మిగిలినవి పడవవాడికిచ్చి ఆస్పత్రికి చేర్చాం. అబద్ధమాడాం, తప్పే. అంతకుముందు వరదకి ఈ వరసలో ముగ్గురు పిల్లలు పోయారు. ఈసారి ఒక్కరూ పోలేదు."

బాతుల్ని కోయకూడదన్న ఆ కాగితం రాసింది షిరీనే, అదీ ఢాకాలో ఐదో అంతస్తులో కూర్చుని. సిగ్గుతో ఆమె ముఖం ఎర్రబడింది.

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా, లుత్ఫా?"

"ఎవరడిగారాపా? ఎన్నిసార్లు ఫోన్ చేసినా బాతులెన్నున్నాయనే అడిగారు. పిల్లలెంతమంది ఉన్నారని అడగలేదు."

ఆ రోజు షిరీన్ నాలుగో ఇంటికి వెళ్లలేదు. కోహినూర్ గడపలోనే కూర్చుని టీ తాగుతూ, వరసలో ఉన్న పిల్లలందరి పేర్లూ ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. వానలు మొదలవకముందే మట్టి పడవలు రేవుకొచ్చాయి. లుత్ఫా ఇల్లు మనిషెత్తు లేచింది.

ఆ ఏడాది సంస్థ నివేదికలో ఆ ఊరి గురించి రెండే వాక్యాలున్నాయి: "బాతుల పథకం నూటికి నూరుపాళ్లు విజయవంతమైంది. ప్రస్తుతం ఊళ్లో ఒక్క బాతూ లేదు."