దిండు కింది శోధన

ఆశపెట్టే శోధనను జయించాలంటే దాన్ని దగ్గర పెట్టుకోవాలని మేస్త్రి కనిపెట్టాడు. దూరాన ఉన్నదాన్ని ఎవడైనా జయిస్తాడు, అందులో గొప్పేముంది అని అతని వాదం. ఈ వాదం అతను ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఎత్తితే భార్య చెవిన పడుతుంది.

మేస్త్రి శవపెట్టెలు చేస్తాడు. చెక్కపని అతనిది. లోపల తెల్లగుడ్డ పరిచి, దిండు కుట్టి పెట్టడం భార్య పని. ఊళ్లో చాలామంది వాళ్ల చేతిమీదుగానే వెళ్లారు. ఒక్కరూ తిరిగొచ్చి ఫిర్యాదు చెయ్యలేదు.

షుగరు జబ్బు అప్పటికే మేస్త్రి ఎడమకాలి చిటికెనవేలిని తీసుకుపోయింది. ఆ పాదంలో స్పర్శ కూడా పోయింది. "ఇంకోసారి తీపి ముట్టుకుంటే పాదం తీసెయ్యాలి," అంది డాక్టరమ్మ. "ఆ తర్వాత మోకాలి దాకా." అని పెన్నుతో అతని కాలిమీద గీత గీసి చూపించింది. రంపం పెట్టేముందు చెక్కమీద తనూ అలాగే గీస్తాడు.

భార్య ఆరోజే వంటింట్లోంచి చక్కెర డబ్బా ఎత్తేసింది.

"మరి నువ్వు టీ ఎలా తాగుతావే?"

"మీలాగే. మొహం మాడ్చుకుని."

"నీకు జబ్బు లేదుగా."

"మీరున్నారుగా."

మేస్త్రి కొన్నాళ్లు బుద్ధిగా ఉన్నాడు. శోధనలోకి తీసుకురావద్దని పొద్దునా సాయంత్రం ప్రార్థన చేశాడు. దేవుడు తీసుకురాలేదు. మేస్త్రే వెళ్లి తెచ్చుకున్నాడు. చక్కెర వేసి చిక్కగా కాచిన పాలు డబ్బాల్లో అమ్ముతారు. అవి కొని పనిముట్ల సంచిలో పెట్టుకుని వచ్చాడు.

దాచడానికి చోటు ముందే చూసుకున్నాడు. చర్చి పాటలబృందంలో బొంగురుగొంతు ఒకటుంది. ఆ మనిషిని అందరూ ఢంకా అంటారు. కొలతకు కూడా ఢంకాయే. అతనిదీ ఇదే జబ్బు. కిందటేడు కాలు తీసినప్పుడు ఇక దక్కడనుకుని ఇంట్లోవాళ్లు పెట్టె చెయ్యమని చెప్పారు. ఢంకా కోలుకున్నాడు. పెట్టె దుకాణం మూల ఉండిపోయింది. అంత పెద్ద పెట్టె వేరెవరికీ పనికిరాదు. ఢంకా బతికినంతకాలం దాన్ని ఎవరూ కదపరు. స్నేహితుడి ఆయుష్షు మీద మేస్త్రికి అంత నమ్మకం.

దిండు కిందివైపు గుడ్డ ఊడదీసి, డబ్బాలు పేర్చి, మళ్లీ చిన్నమేకులు కొట్టాడు.

మొదట మూత ఎత్తి, గుడ్డ తడిమి, జయించాను అనుకుని మూసేశాడు. తర్వాత చూపు ఒక్కటే జయిస్తే చాలదని, వాసనను కూడా జయించాలని, ఒక డబ్బాకు మేకుతో రెండు చిల్లులు పొడిచాడు. వాసనను జయించాక నాలుక మిగిలింది. నాలుకను మాత్రం జయించలేదు.

ఒకరోజు మేస్త్రి కలప చూసుకోవడానికి వెళ్లి వచ్చేసరికి దుకాణం ముందు జనం ఉన్నారు. చర్చి పెద్దలు, పాస్టరుగారు, వాళ్ల మధ్య ఢంకా భార్య.

"ఆయన పొద్దున్నే వెళ్లిపోయాడు అన్నయ్యా," అంది ఆమె. "ఆయన పెట్టె ఆయనకే మిగిలింది."

మేస్త్రికి దొంగకు తేలు కుట్టినట్టయింది. స్నేహితుడి కోసం ఏడవాలి. ఏడ్చేముందు డబ్బాలు తియ్యాలి.

"ఆ పెట్టె వద్దు వదినా. చెద పట్టింది."

"చెద లేదు," అంది భార్య లోపలినుంచి. "పొద్దున్నే దులిపాను."

"అడుగుచెక్క వదులైంది."

"మీరు చేసిందేగా."

"కొత్తది చేస్తాను. సాయంత్రానికి అయిపోతుంది."

"సాయంత్రానికి ఆయన సమాధిలో ఉండాలి మేస్త్రిగారూ," అన్నారు పాస్టరుగారు.

గుడ్డ సరిచేసి ఇస్తానని చెప్పి మేస్త్రి లోపలికి వెళ్లి తలుపు దగ్గరకు వేశాడు. పట్టకారు తీసుకుని గుడ్డ చివర మేకులు పీకడం మొదలుపెట్టాడు. రెండు వచ్చాయో లేదో తలుపు తెరుచుకుంది. పాస్టరుగారు వచ్చి అతని భుజంమీద చెయ్యి వేశారు.

"ఒంటరిగా ఏడవకండి," అని ప్రార్థన మొదలుపెట్టారు. పాస్టరుగారి ప్రార్థనలో ఊరంతా వస్తుంది, రోగులూ విద్యార్థులూ ప్రయాణికులూ అందరూ. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి భార్య పక్కనుంది. గుడ్డ మళ్లీ బిగించేసి ఉంది.

"తప్పుకోండి. ఎత్తాలి," అంది.

చర్చిలో ఢంకాను పెట్టెలో పడుకోబెట్టారు. ఢంకా భార్య దిండు సరిచేస్తుంటే మేస్త్రి గోడ పట్టుకున్నాడు.

"ఇంట్లో ఈయన దిండు కింద ఏముండేవో తెలుసా అన్నయ్యా?" అంది ఆమె, దిండు వదలకుండా. "బిస్కెట్ల కాగితాలు. పక్క దులిపినప్పుడల్లా తీసి పారేసేదాన్ని. నాకు తెలియదనుకునేవాడు."

"అడగలేదా వదినా?"

"అడిగితే చోటు మార్చేవాడు. తినడం మార్చేవాడా?"

మేస్త్రి దిండువైపే చూశాడు. ఈ దిండు కింద తన డబ్బాలున్నాయి. ఢంకా ఆ పిచ్చితోనే పోయాడు, దాన్నే తలకింద పెట్టి పంపిస్తున్నాను అనుకున్నాడు. ప్రభువా, నేను జయించలేను, నావల్ల కాదు అన్నాడు మనసులో. ఇన్నాళ్లూ చేసిన ప్రార్థనల్లో ఈ మాట లేదు.

సమాధుల తోటకు మోసుకెళ్లేటప్పుడు తలవైపు మేస్త్రి పట్టుకున్నాడు. కాలు బాగాలేదు వద్దన్నా వినలేదు. పెట్టె ఒరిగితే డబ్బాలు దొర్లుతాయి. దొర్లితే చప్పుడవుతుంది. అందుకని గాజుసామాను మోస్తున్నట్టు అడుగులో అడుగు వేశాడు. తాళ్లతో దించేటప్పుడు మోకాళ్లమీద కూచుని చెవి ఒగ్గాడు. ఏ చప్పుడూ లేదు.

"ఎంత ప్రేమ చూడు," అన్నారెవరో వెనక. మేస్త్రి అప్పుడు నిజంగానే ఏడ్చాడు.

తర్వాత చర్చి వరండాలో టీ ఇచ్చారు. టీ పాత్రలోంచి వచ్చిన వాసన మేస్త్రి ముక్కుకు బాగా తెలిసినదే. అందరూ గ్లాసులు ఖాళీ చేసి మళ్లీ పట్టుకుంటున్నారు.

"ఈ చక్కెరపాల డబ్బాలు మన మేస్త్రిగారింటినుంచి వచ్చాయి," అన్నారు పాస్టరుగారు. "తను తీపి ముట్టలేని మనిషి మనకోసం ఇచ్చారు. త్యాగమంటే ఇది."

అందరూ మేస్త్రివైపు చూశారు. మేస్త్రి నేలవైపు చూశాడు. భార్య వచ్చి పాలూ చక్కెరా లేని టీ గ్లాసు చేతిలో పెట్టి పక్కన కూచుంది.

"ఎప్పుడు తీశావే?"

"పొద్దున. కబురు రాగానే. మూతి పెట్టినవి పారబోశాను. మిగతావి ఇవి."

"ఎలా తెలిసింది?"

"పడుకున్నవాళ్లకు గుచ్చుకోకూడదని మేకు తల మడత లోపల దాచడం నా పద్ధతి. మీరు గుడ్డమీదే కొట్టారు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. మీరు మేకులు కొట్టుకుని మరీ తాగారు."

"ఇన్నాళ్లూ ఎందుకడగలేదు?"

"మీరే చెబుతారని చూశాను. తప్పు చేశాను. బిస్కెట్ల కాగితాలు పారేసిన ఆ అక్కలాగే చూస్తూ కూచున్నాను," అంది.

అప్పుడామె చూపు వరండా గచ్చుమీదికి వెళ్లింది. మెట్లనుంచి మేస్త్రి కుర్చీదాకా ఒక వరస నెత్తుటి మరకలున్నాయి. అన్నీ ఎడమకాలివి. ఆమె వంగి అతని చెప్పు లాగింది. రాలేదు. పీకి పారేసిన మేకుల్లో ఒకటి చెప్పులోంచి పాదంలోకి దిగి ఉంది. దానితోనే అతను దుకాణంనుంచి చర్చికీ, చర్చినుంచి సమాధుల తోటకూ, అక్కణ్ణించి ఇక్కడికీ నడిచాడు.

"నొప్పి లేదే," అన్నాడు మేస్త్రి.

"తెలుసు," అంది భార్య. ఆమె మేకు లాగి, పైటచెంగు చింపి కట్టుకట్టింది.

ఆస్పత్రి దగ్గరే. పెద్దవీధిలో నేరుగా వెళ్లిపోవచ్చు. భార్య అటు నడిపించబోతే మేస్త్రి ఆగాడు.

"సందులోంచి పోదాం."

"అది చుట్టుదారి. ఈ కాలుతోనా?"

"పెద్దవీధిలో ఆ డబ్బాల కొట్టుంది."

భార్య అతని మొహంలోకి చూసింది. "ఇప్పుడు కూడా లోపలికి వెళ్తారా?"

"ఏమో. నన్ను నమ్మకు."

పాదం ఉంటుందో పోతుందో డాక్టరమ్మ చెప్పాలి. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. ఆమె అతని చెయ్యి తన భుజంమీద వేసుకుని సందులోకి మళ్లించింది. కొంతదూరం పోయాక అంది:

"ఈ సందు చివర కూడా ఓ మిఠాయికొట్టుంది, తెలుసా?"

"ఎటువైపు?"

"కుడివైపు."

"అయితే నువ్వు అటొచ్చి నడువు," అన్నాడు మేస్త్రి.