ఆరోగ్య గీత జరిగిన వైనం

మా సంస్థ తయారుచేసిన నానో సెన్సర్ నూటికి నూరుపాళ్లు సరిగ్గా పనిచేస్తోందని తెలియజేయడానికి ఎంతో చింతిస్తున్నాం.

ఇంత చిన్న వస్తువు ఇంత తలనొప్పి తెస్తుందని మేమెవరమూ అనుకోలేదు. గోరుమీద పట్టేంత బిళ్ల, దానిమీద కంటికి ఆనని సన్నటి తీగలు. ఒక్క రక్తపు చుక్క వేస్తే చాలు, మెదడును తొలిచే జబ్బు తాలూకు ప్రొటీను ఎంతుందో పసిగట్టి, మతి పూర్తిగా పోవడానికి ఏళ్లముందే చెప్పేస్తుంది. జబ్బును ఆపే మందు పక్క భవనంలోనే ఉంది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకుంటే, అంటే లెక్క నలభై అయిదు దాటితే మాత్రం ఆ మందు పనిచేయదు. అందుకే ముప్పై దాటితే జబ్బని గీత గీసుకున్నాం.

మా సంస్థలో ఏ కొత్త వస్తువైనా ఛైర్మన్‌గారితోనే మొదలుకావాలి. కుర్చీలు కొంటే ముందు ఆయనే కూర్చుంటారు, లిఫ్టు పెడితే ముందు ఆయనే ఇరుక్కుంటారు. కాబట్టి మొదటి రక్తపు చుక్క కూడా ఆయనదే. తెరమీద నలభై ఒకటి అని పడింది. హాలంతా చప్పట్లు. మంచి మార్కులు వచ్చాయనుకున్నారు.

తర్వాత ఆయన అధ్యక్షోపన్యాసం. "మతిమరుపు మానవజాతికి శత్రువు! దాన్ని తరిమికొట్టేదాకా నేను నిద్రపోను!" అన్నారు. నీళ్లు తాగి మళ్లీ అదే అన్నారు. మూడోసారీ అన్నారు. ఆయన ఉపన్యాసాలు మొదటినుంచీ అలాగే ఉండేవి కాబట్టి దీన్ని రోగలక్షణంగా పరిగణించే వీలు లేకపోయింది.

సాయంత్రం కమిటీ కూర్చుంది. బిళ్లను తయారుచేసిన శాస్త్రవేత్త ఉద్యోగానికి కొత్త. "మళ్లీ మళ్లీ చూశాను సార్. తేడా లేదు. ఆయనకి మందు వెంటనే మొదలుపెట్టాలి" అంది.

"ఛైర్మన్‌గారూ, మీకు మతి పోతోందండీ అని వెళ్లి ఎవరు చెప్తారమ్మా? నువ్వు చెప్తావా?" అన్నారు డైరెక్టర్‌గారు.

మనిషిని కదపలేనప్పుడు గీతను కదపడమే సైన్సు అని డైరెక్టర్‌గారు సెలవిచ్చారు. గీత నలభై అయిదుకి జరిగింది. పరీక్ష చేయించుకున్నవాళ్లలో రోగులు ఒక్క పూటలో సగానికి తగ్గిపోయారు. మందు చుక్క ఖర్చు లేకుండా ఇంతమందికి నయం చేసిన సంస్థ భూమ్మీద మరొకటి లేదని పత్రికా ప్రకటన రాసింది నేనే.

ఛైర్మన్‌గారి భార్య మాత్రం ఇంత ఉపకారాన్ని గుర్తించలేదు. మందిచ్చే డాక్టరు దగ్గరకొచ్చి కూర్చుంది.

"నిన్న నన్నే పట్టుకుని, మా ఆవిడ ఎక్కడికెళ్లిందమ్మా అని అడిగారు డాక్టరుగారూ. ఇన్నేళ్ల కాపురం. మీకు పుణ్యముంటుంది, మందివ్వండి."

"గీత లోపలే ఉన్నారు కదమ్మా. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకిస్తే నా ఉద్యోగం పోతుంది. గీత దాటాక తీసుకురండి."

"దాటాక పనిచేయదన్నారుగా?"

"అవునండీ, పనిచేయదు" అని ఆయన నిజాయితీగా ఒప్పుకున్నాడు.

గీతను వెనక్కి జరపాలంటే ఛైర్మన్‌గారే చెప్పాలి. ఆవిడ నేరుగా మా సమావేశంలోకి వచ్చి భర్త ఎదుట నిలబడింది. జబ్బు మీకే అని అందరిముందూ అనడానికి నోరు రాలేదు కాబోలు, ఎవరో పరాయివాళ్ల సంగతిలా చెప్పింది.

"ఏమండీ, ఒకాయనకి నలభై ఒకటి వచ్చింది. ఇప్పుడు మందు పడకపోతే ఇంట్లోవాళ్లని కూడా గుర్తుపట్టరు. వీళ్లు ఇవ్వరట. మీరు ఒక్క మాట చెప్పండి."

ఛైర్మన్‌గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. నేనెరిగినంతలో ఆయన ఉపన్యాసం కాని మాట మాట్లాడటం అదే మొదలు.

"అయ్యో పాపం! ఆయన మీకేమవుతారమ్మా? వెంటనే ఇవ్వండయ్యా మందు. ఎవరాయన?" అని మా ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తూ అడిగారు.

ఆ ఉదయమే మేమందరం పరీక్ష చేయించుకున్నాం. ఎవరికీ పది దాటలేదు. అయినా ఆ రోగి ఎవరో మాలో ఒక్కరికీ గుర్తురాలేదు.